అరవై దాటాక సాగే రబ్బరు పట్టీ: ఏది కొనాలి, ఎలా లాగాలి, దాంతోపాటు ఏం తినాలి

ఒడిశాలోని బరంపురంలోనో పర్లాకిమిడిలోనో భుజం నొప్పికి, మోకాళ్ళకి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే చాలాసార్లు చీటీ చివర 'థెరాబ్యాండ్' అని రాసి, పక్కన పట్టీ బలాన్ని చెప్పే ఒక రంగు రాసిస్తారు. థెరాబ్యాండ్ నిజానికి ఒక బ్రాండు పేరు. వాడుకలో సాగే రబ్బరు పట్టీ ఏదైనా ఆ పేరుతోనే చెలామణి అయిపోతోంది. దుకాణంలో ఆ పేరు చెప్పి అడిగితే చేతికొచ్చేది ఏ కంపెనీదైనా కావచ్చు, ఏ బలానిదైనా కావచ్చు. తేడా అక్కడే మొదలవుతుంది.

ముందే చెప్పేస్తాం. ఇంట్లో అరవై దాటినవాళ్ళుంటే ఇది కొనదగ్గ వస్తువే. ట్రెడ్‌మిల్లు, సైకిలు, కడుపు తగ్గించే బెల్టు, ఇవేవీ చెయ్యని పని ఇది కొన్ని వందల రూపాయల్లో చేస్తుంది. కాకపోతే అయిదు రంగుల సెట్టు, పిడులు, సంచీ, తలుపు కొక్కెం అన్నీ కలిపి అమ్మే పెద్ద డబ్బా మాత్రం వద్దు. దాంట్లో సగం పట్టీలు పెద్దవాళ్ళు లాగలేనివి. ఒకటిన్నర మీటరు పొడవు, ఐదారు అంగుళాల వెడల్పున్న బల్లపరుపు పట్టీలు రెండు రంగుల్లో తీసుకుంటే ఏడాదికి చాలు. ఆడవాళ్ళకి పసుపు, ఎరుపు. మగవాళ్ళకి ఎరుపు, ఆకుపచ్చ. చేతులకి తేలికది, కాళ్ళకి బరువుది.

రోజూ నడుస్తున్నాం కదా, మళ్ళీ ఇదెందుకు అని అడిగేవాళ్ళే ఎక్కువ. నడక గుండెకి మంచిది, షుగరుకి మంచిది, మానొద్దు. 65 దాటినవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు, మాట్లాడగలిగేంత వేగంతో నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అదే కాగితంలో మరో రెండు మాటలున్నాయి: వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి బలం పెంచే పని, కనీసం మూడు రోజులు తూలిపోకుండా నిలబడే సాధన. ఈ రెండూ ఎవరి చెవికీ ఎక్కలేదు. నేల మీంచి లేవడం, అరుగు ఎక్కడం, బస్సు మొదటి మెట్టు మీద కాలు మోపి ఒంటిని పైకి లాక్కోవడం, ఇవి తొడ కండరాల పనులు. ఎంత నడిచినా ఆ కండరాలు ఉన్నంతలోనే ఉంటాయి, పెరగవు. అవి పెరగాలంటే ఎదురు బలం కావాలి. పట్టీ ఇచ్చేది అదే.

కొనేముందు బలం ఎంత ఉందో చూసుకోండి. చేతులు లేని కుర్చీ, నేల నుంచి 17 అంగుళాల ఎత్తుది, గోడకి ఆనించి వెయ్యండి. రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని 30 సెకన్లలో పూర్తిగా ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 65 నుంచి 69 ఏళ్ళ మధ్య మగవాళ్ళు 12 కన్నా, ఆడవాళ్ళు 11 కన్నా తక్కువ చేస్తే పడిపోయే ప్రమాదం ఎక్కువని అర్థం. 70 నుంచి 74 మధ్య మగవాళ్ళకి 12, ఆడవాళ్ళకి 10. 75 నుంచి 79 మధ్య 11, 10. చెయ్యి ఊని లేచారా, లెక్క సున్నా. ఆ అంకె క్యాలెండరు మీద రాసిపెట్టండి. పట్టీ పనిచేస్తోందో లేదో రెండు నెలల తర్వాత అదే చెబుతుంది.

దుకాణాల్లో మూడు రకాలు దొరుకుతాయి. మొదటిది బల్లపరుపు పట్టీ, మనం మాట్లాడుకుంటున్నది. రెండోది గొట్టం, రెండు చివర్లా పిడులుంటాయి. కీళ్ళవాతంతో వేళ్ళు ముడుచుకోనివాళ్ళకి పిడి ఉన్నదే సుఖం, ఆ ఒక్క కారణానికి దాన్ని కొనొచ్చు. దాని బలహీనత గొట్టం పిడిలోకి దూరే చోట ఉంటుంది. లోపల బిరడా రాపిడికి రబ్బరు అక్కడే కోసుకుపోతుంది, పైన నురుగు తొడుగు ఉండటంతో కనబడదు. నెలకోసారి తొడుగు వెనక్కి జరిపి చూడాల్సిందే. మూడోది లూపు, అంటే చిన్న రబ్బరు వలయం. కుర్రాళ్ళ జిమ్ముకి చేసింది. తొడ మీద చుట్టలు చుట్టుకుపోతుంది, ఒళ్ళు ఒరుసుకుపోతుంది. బట్టతో నేసిన లూపు చుట్టుకోదుగానీ ఆ సెట్టులో తేలికదని చెప్పేది కూడా డెబ్భై ఏళ్ళవాళ్ళకి బండరాయే. మూడోరకం జోలికి పోవద్దు.

ఇక రంగుల సంగతి. థెరాబ్యాండ్ కంపెనీ లెక్కలో పట్టీని ఉన్న పొడవుకి రెట్టింపు సాగదీసినప్పుడు పసుపు 1.3 కిలోలు, ఎరుపు 1.7, ఆకుపచ్చ 2.1, నీలం 2.6, నలుపు 3.3 కిలోల బలంతో వెనక్కి లాగుతుంది. మిగతా కంపెనీలు ఈ వరసనే పాటించాలన్న నియమం లేదు. ఒకరి పసుపు మరొకరి ఆకుపచ్చ అంత గట్టిగా ఉండొచ్చు. చీటీ మీద రాసిన రంగు చూసి తెచ్చుకుని, భుజం పట్టేసిందని పట్టీని తిట్టుకుంటూ కూర్చుంటారు. అందుకే ఇంటికి తేగానే తూకం వెయ్యండి. త్రాసు అక్కర్లేదు, నీళ్ళు చాలు.

పట్టీ ఒక చివర కిటికీ ఊచకి కట్టి, మూరెడు పొడవు మాత్రం కిందికి వేలాడేలా ఉంచండి. ఆ మూరలో 30 సెంటీమీటర్ల దూరంలో పెన్నుతో రెండు గీతలు పెట్టండి. కింద గుడ్డసంచీ కట్టి అందులో రెండు లీటర్ల ఖాళీ సీసా నిలబెట్టండి. లీటరు నీళ్ళు కిలో, 200 మిల్లీలీటర్ల గ్లాసు 200 గ్రాములు. గ్లాసు చొప్పున నీళ్ళు పోస్తూ గీతల మధ్య దూరం టేపుతో కొలవండి. 60 సెంటీమీటర్లు అయినప్పుడు సీసాలో ఎన్ని నీళ్ళున్నాయో అదే ఆ పట్టీ బలం. ఆరున్నర గ్లాసుల దగ్గర ఆగితే 1.3 కిలోలు, అసలైన పసుపు. ఎనిమిదిన్నర దగ్గర ఆగితే ఎరుపు. సీసా నిండినా గీతలు 60కి చేరకపోతే రెండు కిలోలు దాటినట్టే, చేతులతో మొదలుపెట్టడానికి అది పనికిరాదు. సంచీ నేలకి జానెడు ఎత్తులోనే ఉండాలి, ముడి జారితే కాలి మీద పడకూడదు. ఈ తూకానికి పది నిమిషాలు పడుతుంది. రంగు పేరు కంటే ఈ అంకె నమ్మదగ్గది, పట్టీ చివర అదే రాసుకోండి.

ఇప్పుడు లాగడం. పదీ పదిహేను రకాల బొమ్మలున్న కాగితం పెట్టెలో వస్తుంది, దాన్ని మడిచి లోపల పెట్టెయ్యండి. నాలుగు చాలు, వాటిలో మొదటిది బాగా వస్తే మిగతావి తేలిక.

మొదటిది వెనక్కి లాగడం. వంగిన వీపుకి, ముందుకి జారిన భుజాలకి ఇంతకన్నా మంచిది లేదు. గట్టి చెక్కకుర్చీ గోడకి ఆనించి వెయ్యండి. ప్లాస్టిక్ కుర్చీ అయితే నున్నటి గచ్చు మీద వెనక్కి జారుతుంది, బరువు ఒక పక్కకి పడితే కుర్చీ కాలు విరుగుతుంది. కుర్చీ ముందు సగంలోనే కూర్చోవాలి, వీపు ఆనకూడదు. కుడికాలు చాపి మడమ నేల మీద ఉంచండి. పట్టీ మధ్యభాగం అరికాలి గుంటలో వేసి, రెండు చివర్లనీ పాదం మీద ఒకసారి అడ్డంగా మార్చి, అంటే కుడి కొస ఎడమ చేతికి, ఎడమ కొస కుడి చేతికి వచ్చేలా పట్టుకోండి. ఈ ఒక్క మెలిక చాలామంది వెయ్యరు. ఉత్తినే అరికాలికి తగిలిస్తే సగం లాగాక పట్టీ వేళ్ళ మీంచి జారి తిన్నగా ముఖానికి కొడుతుంది. కంటికి తగిలితే మామూలు దెబ్బ కాదు. ఉత్తకాళ్ళకి చెమట పడితే ఇంకా జారుతుంది, మన ఎండాకాలంలో కాన్వాసు బూటు వేసుకునే చెయ్యండి.

మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచి వెనక్కి తీసుకెళ్ళండి. చేతులతో లాగుతున్నామనుకుంటే భుజాలు చెవుల దాకా లేచిపోతాయి. రెండు రెక్కల ఎముకల మధ్య చింతపిక్క నొక్కి పట్టినట్టు ఊహించుకుంటే వీపు తనంతట తానే నిటారవుతుంది. రెండు అంకెలు లెక్కపెట్టేలోపు లాగి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ వదలండి. వదిలేటప్పుడు కూడా కండరం పని చేస్తుంది. టప్పున వదిలేస్తే సగం లాభం పోయినట్టే, పైగా మోచేతి దగ్గర నరం గుంజుతుంది. పదిసార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి, కాలు మార్చి మళ్ళీ పదిసార్లు.

లెక్క పైకి పెట్టాలి. ధాన్యం కొలిచేటప్పుడు పాడినట్టు 'లాభం, రెండు, మూడు' అని గొంతెత్తి అనండి. మాట్లాడుతున్నవాళ్ళు ఊపిరి బిగబట్టలేరు. ఊపిరి బిగబట్టి లాగితే ఆ క్షణంలో బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది, కళ్ళలో ఒత్తిడి పెరుగుతుంది. గ్లకోమా (కంటి ఒత్తిడి జబ్బు) ఉన్నవాళ్ళు, కంటి ఆపరేషను కొత్తగా అయినవాళ్ళు దీన్ని చిన్నగా తీసుకోవద్దు. కంటి డాక్టరు సరే అన్నాకే పట్టీ పట్టాలి. మనవడో మనవరాలో ఎదురుగా కూర్చుని లెక్కపెడతామంటే సంతోషమేగానీ, లాగేవాళ్ళ నోరు మూతపడకూడదు.

రెండోది అదే కూర్చుండుడులో కాలితో తొయ్యడం. పట్టీ అలాగే అరికాలికి ఉంటుంది. చేతులు నడుము దగ్గర కదలకుండా బిగించి, మోకాలు పొట్ట వైపు కొద్దిగా తెచ్చి, మెల్లగా ముందుకి చాపాలి. మోకాలు పూర్తిగా కర్రలా బిగుసుకోకముందే ఆపండి. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళకి మెట్ల కన్నా ఇదే నయం, ఎందుకంటే ఒంటి బరువు కీలు మీద పడదు.

మూడోది మోకాళ్ళు విడదీయడం. నడిచేటప్పుడు పక్కకి తూలకుండా ఆపేది తుంటి పక్క కండరం, దాని కోసం ఇది. పట్టీని మోకాళ్ళ పైన తొడల చుట్టూ తిప్పి ముడేసి, కూర్చునే మోకాళ్ళు విప్పాలి, మెల్లగా కలపాలి. బొమ్మల్లో నిలబడి పక్కకి అడుగులు వేయిస్తారు. చీర మీద అది కుదరదు. నూలు చీరైనా సిల్కు చీరైనా నడుస్తుంటే పట్టీ జారి పిక్కల దాకా దిగుతుంది, కుచ్చిళ్ళలో చిక్కుకుని పడేస్తుంది. కూర్చుని చేస్తే చీర మీద కూడా నిలుస్తుంది. ముడి వేసిన చోట రబ్బరు త్వరగా చిట్లుతుంది కనుక ప్రతిసారీ ముడి స్థానం మార్చండి. గాజుగాజులు తీసి పక్కన పెట్టడం తప్పనిసరి. మట్టెలు, పుస్తెలతాడు, ఉంగరం రాయి, కోసిన గోరు అంచు, వీటిలో ఏది గీరినా రబ్బరు మీద చిన్న గాటు పడుతుంది. ఆ గాటు దగ్గరే పట్టీ ఒకరోజు తెగుతుంది.

నాలుగోదానికి పట్టీ అక్కర్లేదు. వంటగది గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి మెల్లగా దిగడం, పదిహేనుసార్లు. తర్వాత గట్టు మీద చూపుడువేలు మాత్రం ఆనించి ఒంటికాలి మీద పది సెకన్లు. ఇది రోజూ చెయ్యొచ్చు, పాలు కాగేలోపు అయిపోతుంది.

పట్టీ పని మాత్రం వారానికి రెండు రోజులే, మధ్యలో కనీసం ఒక రోజు వదలాలి. మంగళవారం, శుక్రవారం అనుకోండి. ఉత్సాహంతో రోజూ లాగినవాళ్ళు మూడో వారానికి మోచేతి నొప్పితో మానేస్తారు. రెండు విడతలూ పదిహేనుసార్ల చొప్పున తేలిగ్గా వస్తున్నాయంటే పట్టీని నాలుగు వేళ్ళ వెడల్పు దగ్గరగా పట్టుకోండి. పట్టీ పొట్టిదైతే బరువెక్కుతుంది. అది కూడా తేలికైతే అప్పుడు తర్వాతి రంగు. ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. ఏడాదైనా అదే పసుపుపట్టీ, అదే పదిసార్లు. అలవాటైన బరువుకి కండరం పెరగదు, కాబట్టి రంగు మారకపోతే ఆ పట్టీ కొన్నది వృథా. అలాగని ఎంత సాగుతుందో చూద్దామని లాగొద్దు, ఉన్న పొడవుకి మూడింతలు దాటనివ్వకూడదు.

మర్నాడు, ఆ మర్నాడు కండ పట్టేసినట్టుంటే భయం లేదు. కీలులో సూది గుచ్చినట్టున్నా, పొద్దుటికి వాచినా ఒక రంగు కిందికి దిగండి. షుగరువాళ్ళలో భుజం బిగుసుకుపోవడం ఎక్కువ. వాళ్ళు పట్టీని భుజం ఎత్తు దాటి లాగకూడదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు పరగడుపున మొదలుపెట్టొద్దు, షుగరు పడిపోతుంది. ఎముకలు గుల్లబారాయని చెప్పినవాళ్ళు నడుము గుండ్రంగా వంచి లాగే బొమ్మలు ఏవీ చెయ్యకూడదు, వెన్నుపూస నలిగిపోతుంది. ఛాతీలో బిగుతు, కళ్ళు తిరగడం ఉంటే ఆపి, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రబ్బరు పడనివాళ్ళకి చేతుల మీద దద్దుర్లు లేస్తాయి, లేటెక్స్ లేనిది అని రాసి ఉన్నది అడిగి తీసుకోండి.

పట్టీ సగం పనే చేస్తుంది. కండ కట్టడానికి సరుకు కంచంలోంచి రావాలి. మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఇళ్ళలో పెద్దవాళ్ళ కంచం చూస్తే పొద్దున ఇడ్లీయో ఉప్మానో, మధ్యాహ్నం అన్నం, పల్చటి పప్పుచారు, రాత్రికి మళ్ళీ అన్నం, మజ్జిగ. పొట్ట నిండుతుంది, మాంసకృత్తులు రోజుకి ముప్ఫై నలభై గ్రాములు దాటవు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దలకి కిలో బరువుకి 0.83 గ్రాము కావాలి. వయసు మళ్ళినవాళ్ళ ఒంట్లో కండ కట్టే పని మందగిస్తుంది కనుక 1 నుంచి 1.2 గ్రాములు కావాలని 2013లో ఈ విషయం మీద కూర్చున్న నిపుణుల బృందం చెప్పింది. అరవై కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి ఈ లెక్క వర్తించదు, వాళ్ళు డాక్టరు చెప్పినంతే తినాలి.

పొడి డబ్బాలు కొనకుండా ఇక్కడి సరుకుతోనే దీన్ని నింపొచ్చు. పొద్దున 40 గ్రాముల చోడిపిండితో (రాగిపిండితో) అంబలి, ఒక గుడ్డు, గ్లాసు పాలు: పదిహేను గ్రాములు. మధ్యాహ్నం 80 గ్రాముల బియ్యం అన్నం, 40 గ్రాముల కందిపప్పుతో దాల్మా (కూరముక్కలు వేసిన పప్పు), కప్పు పెరుగు: దగ్గరదగ్గర ఇరవై. సాయంత్రం 40 గ్రాముల ఎండు బటాణీతో ఘుగుని (బటాణీ కూర), గుప్పెడు మూఢీ (మరమరాలు): తొమ్మిది. రాత్రి రెండు గోధుమ రొట్టెలు, 75 గ్రాముల చేపముక్క: ఇరవై. మొత్తం 64, 65. చేప తిననివాళ్ళు 75 గ్రాముల ఛెనా (పాలు విరగ్గొట్టి తీసిన ముద్ద) వేసుకోవచ్చు, రసగుల్లా అంగళ్ళకి దాన్ని సరఫరా చేసేవాళ్ళ దగ్గరే తాజాగా దొరుకుతుంది. చక్కెరపాకంలో పడకముందే తెచ్చుకోండి.

దాల్మా గురించి ఒక మాట. పచ్చి బొప్పాయి, గుమ్మడి, అరటికాయ, వంకాయ అన్నీ పప్పులోనే ఉడికిపోతాయి కనుక పళ్ళు ఊడినవాళ్ళకి ఇంతకన్నా మంచి కూర లేదు. మన తెలుగిళ్ళలో దాన్ని వండేటప్పుడు చేసే తప్పల్లా కూరముక్కలు, నీళ్ళు ఎక్కువై పప్పు తగ్గడమే. మనిషికి 40 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు కందిపప్పు, తూచి వెయ్యండి. గరిటె నిలబడేంత చిక్కగా ఉండాలి. ఘుగుని-మూఢీలో కూడా ఇదే తిరకాసు. గిన్నెడు మూఢీలో చెంచాడు ఘుగుని వేసుకుంటే తిన్నది మరమరాలే. తిరగెయ్యండి, గిన్నెడు ఘుగుని మీద గుప్పెడు మూఢీ. బటాణీ రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి వండితే కడుపుబ్బరం తగ్గుతుంది. ఉలవలు కూడా అంతే, 100 గ్రాముల్లో 22 గ్రాముల వరకు మాంసకృత్తులున్నాయి. ఉలవచారు మాత్రం తాగి గింజలు పశువులకి వేస్తే ఆ బలం పశువులకే పోతుంది. గింజల్నీ గుగ్గిళ్ళు చేసి తినండి.

చోళ్ళ విషయంలో ఒక అపోహ ఉంది. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టాక కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో చోళ్ళకి మళ్ళీ గౌరవం వచ్చింది, మంచిదే. 100 గ్రాముల చోళ్ళలో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, బియ్యం దాని దరిదాపుల్లోకి కూడా రాదు. ఎముకలకి మేలు. కానీ మాంసకృత్తులు 7 గ్రాములే, బియ్యానికి తక్కువేగానీ ఎక్కువ కాదు. అంబలి తాగితే కండ పడుతుందనుకోవద్దు, పక్కన గుడ్డో పాలో ఉండాల్సిందే. షుగరుకి ఎంత తాగినా ఏం కాదన్న మాట కూడా తప్పు. మెత్తగా ఆడించిన పిండిని జావగా కాస్తే త్వరగా అరిగి షుగరు పెంచుతుంది. 40 గ్రాములు దాటొద్దు, మరపట్టించేటప్పుడు బరకగా అడగండి. బెల్లం కలిపిన మాల్టు పొట్లాలు అసలు వద్దు. పొట్లం వెనక సరుకుల వరసలో మొదటి రెండిట్లో చక్కెర, బెల్లం, మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటే అది మిఠాయి కింద లెక్క. దాని బదులు వేయించిన శనగల పిండి, అంటే ఛతువా, 40 గ్రాములు ఉప్పు తగ్గించిన మజ్జిగలో కలిపి తాగితే తొమ్మిది పది గ్రాముల మాంసకృత్తులు వస్తాయి.

ఉప్పు దగ్గర బరంపురం వాళ్ళకి చెప్పడం కష్టమే. అప్పడాలు, పచ్చళ్ళు ఆ ఊరి గొప్ప. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు మించకూడదు, తలగొట్టిన టీ చెంచాడన్నమాట. కూరలోదీ పప్పులోదీ కలిపితే అది మధ్యాహ్నానికే అయిపోతుంది. అప్పడంలో ఉప్పుతోపాటు సోడా ఖారం కూడా ఉంటుంది, బీపీ మాత్ర వేసుకునేవాళ్ళు పచ్చడో అప్పడమో రెండిట్లో ఒకటి, అదీ రోజు విడిచి రోజు.

మాంసకృత్తులన్నీ ఒక పూటే తింటే అంత లాభం ఉండదు, మూడు పూటలకీ పంచండి. పట్టీ లాగిన రోజు ఆ తర్వాత వచ్చే భోజనంలో పప్పో గుడ్డో తప్పక ఉండేలా చూసుకోండి.

ఇక పట్టీ ఎన్నాళ్ళొస్తుందంటే, అది రబ్బరు కన్నా ఇంటిమీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఎండ, నూనె, వేడి దీనికి శత్రువులు. తలకి నూనె రాసుకున్న చేతులతో, నొప్పిబామ్ పూసుకున్న మోకాలితో ముట్టుకుంటే రెండు మూడు నెలల్లో బంకబంకగా తయారవుతుంది. కిటికీ ఊచకే వేలాడదీసి వదిలేస్తే ఎండకి పైన సన్నటి పగుళ్ళు వస్తాయి. తుప్పు పట్టిన ఊచ అయితే గుడ్డ చుట్టకుండా కట్టొద్దు. వాడాక తడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, కాస్త టాల్కం పౌడరు చల్లి, మడత పెట్టకుండా వదులుగా చుట్టి బీరువాలో పెట్టండి. ప్రతిసారీ లాగేముందు వెలుతురుకి ఎత్తి పట్టి చూడండి. సాగదీసినప్పుడు తెల్లగా గీత కనిపించినా, అంచున వెంట్రుక మందం గాటున్నా ఆ రోజే పారెయ్యండి. అతికించి వాడటం, తెగిన ముక్కల్ని ముడేసి వాడటం చెయ్యొద్దు. పైకి బాగానే ఉన్నా ఆరునెలలకోసారి నీళ్ళ తూకం మళ్ళీ వెయ్యండి. కొత్తలో ఆరున్నర గ్లాసులకి సాగిన పట్టీ ఇప్పుడు అయిదింటికే సాగుతుంటే రబ్బరు అలిసిపోయింది, మీ బలం పెరిగిందనుకోకండి. కొన్న తేదీ, మొదటి తూకం పట్టీ చివరే రాసి ఉంటే పోల్చుకోవడానికి ఇబ్బంది ఉండదు.